రంగు పెన్సిళ్లు: డబ్బా మీది అంకె చూసి కొనొద్దు

సంపాదకుల వారికి,

జూన్‌లో బడులు తెరవగానే హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో పుస్తకాల దుకాణాల ముందు తల్లిదండ్రులు స్కూల్ లిస్టులు పట్టుకొని నిలబడతారు. చాలా లిస్టుల్లో 'రంగు పెన్సిళ్లు – 24' అని ఒక్క వరుస ఉంటుంది. ఏ రకం కావాలో రాయరు, ఏ కాగితం మీద వాడతారో రాయరు. ఇరవైనాలుగు అన్నారు కాబట్టి దుకాణదారు ఆ లెక్కకు సరిపోయే వాటిల్లో అగ్గువది తీసి ఇస్తాడు. నెల తిరక్కముందే సగం పెన్సిళ్లు విరిగి మొండెలైతే పిల్లకు జాగ్రత్త లేదని తిట్లు. తప్పు పిల్లది కాదు, ఆ అంకెది. అదే డబ్బు పెట్టి మంచివి పన్నెండు కొంటే ఏడాదంతా వస్తాయి, బొమ్మా బాగుంటుంది. డ్రాయింగ్ నేర్పేవాళ్లుగా ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం. ప్రచురించగలరు.

రంగు పెన్సిల్ లెడ్‌లో నాలుగు సరుకులుంటాయి: రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే మైనం లేదా నూనె, కొంచెం జిగురు, మిగతా జాగ నింపడానికి కెయోలిన్ అనే తెల్లమట్టి లేదా టాల్క్. మామూలు రాత పెన్సిల్ లెడ్‌ను కొలిమిలో వెయ్యి డిగ్రీల దాకా కాలుస్తారు. రంగు లెడ్‌ను అలా కాల్చరు, కాలిస్తే మైనం మిగలదు, రంగూ మిగలదు. అందుకే ఎంత ఖరీదైనదైనా రంగు లెడ్ మామూలు రాత పెన్సిల్ లెడ్ కన్నా సాధారణంగా మెత్తగానే ఉంటుంది. ఈ నాలుగింటిలో మట్టి చవక, మంచి రంగు పొడి ప్రియం. ధర దించాలంటే పొడి తగ్గించి మట్టి, మైనం పెంచుతారు. అట్లాంటి పెన్సిల్‌తో ఎంత రుద్దినా రంగు ఎక్కదు, కాగితం నున్నబడి మెరుస్తుందంతే. పిల్లలు ఇంకా గట్టిగా నొక్కుతారు, లెడ్ విరుగుతుంది. పిల్లలు పెన్సిళ్లు విరగ్గొడతారని మనం అనుకునే దాంట్లో పెద్ద భాగం ఇదే.

కొనేముందు చూసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంట్లోంచి ఒక డ్రాయింగ్ షీటు ముక్క, అరచేయంత నల్ల చార్ట్ ముక్క జేబులో పెట్టుకొని పోవాలి. బిల్లు వెనకో డబ్బా అట్ట మీదో గీసి చూస్తే ఏమీ తెలియదు. నున్నటి అట్ట మీద మంచి పెన్సిల్ కూడా జారుతుంది.

ముందు పెన్సిల్ వెనక కొస చూడండి. లెడ్ చెక్కకు సరిగ్గా నడుమ ఉండాలి. ఒక పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడు ఒకవైపు చెక్క మొన దాకా ఉండిపోతుంది, ఇంకోవైపు లెడ్ బోడిగా బయటపడుతుంది. అలాంటి పెన్సిల్‌ను ఏ షార్ప్‌నరూ బాగుచేయలేదు. పెన్సిల్ అంటే రెండు పలుచటి చెక్క పలకల్లో గాడి తీసి, నడుమ లెడ్ పెట్టి, జిగురుతో అతికించి కోసినది. ఆ అతుకు గీత ఎక్కడో సన్నగా కనిపిస్తుంది. అక్కడ సందుంటే వర్షాకాలంలో విచ్చుకుంటుంది. తర్వాత పెన్సిల్‌ను కంటికి సూటిగా పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు చూడండి. గుండ్రటిదైతే కౌంటర్ అద్దం మీద దొర్లించండి. వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. వంకర చెక్కలో లెడ్ ముందే లోపల చిట్లి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక గీసి చూడటం. ముదురు నీలం తీసుకొని, చేయి బరువు వేయకుండా, బొటనవేలి గోరంత చోట ఒక పొర వేయండి. దాని మీద అడ్డంగా రెండో పొర, ఏటవాలుగా మూడోది. మంచి పెన్సిల్ అయితే పొర పొరకూ రంగు ముదురుతుంది. నాసిదైతే రెండో పొరకే మెరుపు వస్తుంది, మూడోది పట్టదు. గీస్తుంటే కర్రుమని గీరుకున్నట్టు చప్పుడొస్తే లెడ్‌లో పొడి సరిగ్గా నూరలేదన్న మాట. గీసిన చోట వేలితో తుడిస్తే వేలికి సుద్దలా పొడి అంటుకుంటే మట్టి ఎక్కువ, పట్టు తక్కువ. పక్కన అదే నీలం ఒక్క పలుచటి పొర వేసి, దాని మీద పసుపు ఒక పొర వేయండి. చక్కటి పచ్చ వస్తే సరే. పసుపు జారిపోయి నీలం నీలంగానే ఉంటే ఆ డబ్బాలో ఎన్ని రంగులున్నా ఏ రంగుకు ఆ రంగే, కలవవు. చివరగా తెలుపు తీసుకొని నల్ల చార్ట్ మీద గీయండి. కంపెనీ పొడి విషయంలో పిసినారితనం చేసిందా లేదా అన్నది తెలుపులో దొరికినంత తేలిగ్గా ఇంకే రంగులోనూ దొరకదు. తెల్ల కాగితం మీద తెలుపును ఎవరూ పరీక్షించరని వాళ్లకూ తెలుసు.

పెన్సిల్ ఒంటి మీది పెయింట్‌ను నమ్మొద్దు. పైన ముదురు ఎరుపు ఉండి లోపల లేత గులాబీ పడే పెన్సిళ్లు బోలెడు. ఒక్కో పెన్సిల్ మీద రంగు పేరో నంబరో అచ్చు వేసి ఉందా చూడండి. నంబరుంటే ఆ ఒక్కటి అయిపోయినప్పుడు దాన్నే మళ్లీ కొనుక్కోవచ్చు. లేకపోతే తెలుపు అయిపోయిందని మొత్తం డబ్బా కొనాలి. 120 రంగుల పెద్ద రేకు డబ్బాలు చాలా అగ్గువకు దొరుకుతున్నాయి కదా అని కొందరు అడుగుతున్నారు. వాటిల్లో చాలావాటికి ఇదే చిక్కు. పైగా అందులోని పచ్చలు పదిహేను పక్కపక్కన గీస్తే ఐదారు తప్ప మిగతావి ఒకదానికొకటి తేడా కనిపించవు.

ఒక మాట ధర గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెన్సిళ్లు, క్రేయాన్లు, షార్ప్‌నర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి సున్నా అయింది. కొనేటప్పుడు డబ్బా మీది ఎమ్మార్పీ ఆ తేదీకి ముందుదా, తర్వాతిదా చూసుకోండి.

మరి ఏ పన్నెండు? దుకాణంలో దొరికే పన్నెండు రంగుల డబ్బాలో సాధారణంగా ఒకే పసుపు, ఒకే ఎరుపు, గులాబీ, ఊదా, రెండు పచ్చలు ఉంటాయి. విడిగా కొనే వీలుంటే ఇట్లా ఎంచుకోమంటాం: నిమ్మ పసుపు, బంగారు పసుపు, నారింజ వైపు మొగ్గే ఎరుపు, గులాబీ వైపు మొగ్గే క్రిమ్సన్, అల్ట్రామెరైన్ నీలం, పచ్చ వైపు మొగ్గే థాలో నీలం, మట్టి పసుపు లాంటి ఎల్లో ఓకర్, ఇటుక రంగు బర్న్ట్ సియెన్నా, ముదురు గోధుమ రంగు అంబర్, ఒక ముదురు ఆకుపచ్చ, తెలుపు, నల్లటి నీలం ఇండిగో. పసుపు, ఎరుపు, నీలం రెండేసి ఎందుకంటే, క్రిమ్సన్ మీద అల్ట్రామెరైన్ వేస్తే శుభ్రమైన ఊదా వస్తుంది, నారింజ ఎరుపు మీద వేస్తే బురద రంగు వస్తుంది. నిమ్మ పసుపు, థాలో నీలం కలిస్తే వరి నారు పచ్చ. బంగారు పసుపు, అల్ట్రామెరైన్ కలిస్తే ముదిరిన చింతాకు పచ్చ. పన్నెండుతో వచ్చే రంగులు ముప్పైఆరు డబ్బాలో కూడా ఉండవు. నలుపు వద్దనడం లేదు, కానీ పిల్లల చేతికి నలుపు ఇస్తే నీడంతా నలుపుతోనే వేస్తారు. ఇండిగో మీద అంబర్ వేస్తే వచ్చే నలుపు బొమ్మను చంపదు.

డబ్బాల్లో 'స్కిన్ కలర్' అని ఒక లేత పీచు రంగు ఇస్తారు. మన పిల్లల్లో ఎంతమంది ఆ రంగులో ఉంటారు? అమ్మ బొమ్మ వేసి ఆ రంగు పూసేసరికి ఆ మొహం ఎవరిదో అవుతుంది. మన ఒంటి రంగుకు ముందుగా ఓకర్ ఒక పలుచటి పొర మొత్తం వేయాలి. నుదురు, ముక్కు మీద వెలుతురు పడే చోట కాగితం వదిలేయాలి. బుగ్గల పక్కలు, ముక్కు పక్కలు, మెడ దగ్గర బర్న్ట్ సియెన్నా. గడ్డం కింద, చెవి వెనక అంబర్. చివరికి జుట్టు అంచున, గడ్డం కింది లోతులో అల్ట్రామెరైన్ తగిలీ తగలనట్టు ఒక్క పొర. చామనఛాయకు సియెన్నా దగ్గర ఆగాలి, నలుపు ఛాయకు అంబర్, నీలం పొరలు పెంచాలి. ఎప్పుడూ లేత నుంచి ముదురుకే పోవాలి. కాగితానికి సన్నటి గరుకు ఉంటుంది, రంగు ఆ గరుకులో కూర్చుంటుంది. ముదురు రంగు ముందే గట్టిగా రుద్దితే గరుకంతా మైనంతో నిండిపోయి తర్వాతి పొరకు చోటుండదు.

వేయిస్తంభాల గుడి వేసే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ఆ స్తంభాల నునుపు, మెరుపు చూపించాలంటే నల్లగా నింపేసి మీద తెల్ల పెన్సిల్ రుద్దితే రాదు, బూడిద రంగు మరక అవుతుంది. మెరుపు గీతలకు ముందే కాగితం వదిలిపెట్టి, ఇండిగో నిలువుగా, అంబర్ అడ్డంగా వేసి, చెక్కడపు సందుల్లో మాత్రమే చివరికి నలుపు పెట్టాలి. రామప్పలో గోడలది ఎర్ర ఇసుకరాయి, చూరు కింది మదనికలనే స్త్రీ శిల్పాలవి నల్లరాళ్లు. గోడకు ఓకర్, సియెన్నా, దాని మీద క్రిమ్సన్ పలుచగా. ఒకే 'బ్రౌన్' పెన్సిల్‌తో రెండూ నింపితే గుడి మట్టిగోడలా కనిపిస్తుంది.

రంగు వెలిసిపోవడం గురించి తల్లిదండ్రుల కన్నా పోటీలు పెట్టేవాళ్లకు చెప్పాలి. దసరా ముందు బతుకమ్మ బొమ్మల పోటీలు పెట్టి, గెలిచినవి ఎండ తగిలే గోడలకు, కిటికీల పక్కన తగిలిస్తారు. కొన్ని నెలలకే గునుగు పువ్వుకు వేసిన గులాబీ పాలిపోతుంది, పట్టుకుచ్చుల ముదురు గులాబీ, ఊదా ఆనవాలు లేకుండా పోతాయి. ఆకుపచ్చ, గోధుమ రంగు మిగులుతాయి. దీనికి కారణం ఉంది. ఓకర్, సియెన్నా, అంబర్ ఇనుము ఉన్న మట్టి రంగులు, ఎండను తట్టుకుంటాయి. కార్బన్ నలుపు, థాలో నీలం, థాలో పచ్చ కూడా గట్టివే. మెరిసే గులాబీలు, ఊదాలు చాలావరకు అద్దకపు రంగుల నుంచి చేసినవి, వెలుతురుకు విరిగిపోతాయి. రేడియం రంగులని పిల్లలు పిలిచే ఫ్లోరోసెంట్ రంగులు అన్నిటికన్నా ముందు పోతాయి. ఖరీదైన ఆర్టిస్ట్ పెన్సిళ్ల మీద ఈ నిలకడను నక్షత్రాలతో చూపిస్తారు, మూడుంటే ఎక్కువ, ఒకటుంటే తక్కువ. రంగు పెన్సిళ్ల నిలకడకు అమెరికాలోని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థది డీ 6901 అని ఒక ప్రమాణం కూడా ఉంది. స్టూడెంట్ రకాల మీద ఇవేవీ సాధారణంగా రాయరు. కాబట్టి ఇంట్లోనే చూసుకోవాలి. ఒక కాగితం పట్టీ మీద అన్ని రంగులూ వరుసగా గీసి, ప్రతి రంగూ సగం కప్పేలా వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఎండ బాగా పడే కిటికీ అద్దానికి లోపలివైపు అతికించండి. మన ఏప్రిల్, మే ఎండకు నెల చాలు. ఫాయిల్ తీస్తే ఏది నిలిచిందో, ఏది పోయిందో పక్కపక్కనే కనిపిస్తుంది. బతుకమ్మ బొమ్మ దాచుకోవాలనుకుంటే గులాబీ పెన్సిల్ పక్కన పెట్టి, ఈ పరీక్షలో నిలిచిన ఎరుపును పలుచగా వేసి కింది తెలుపు కనిపించనివ్వడం మేలు. గోడకు కలర్ జిరాక్స్ తగిలించి అసలు బొమ్మను ఫైల్లో పెట్టడం ఇంకా మేలు.

పెన్సిల్ మంచిదై కాగితం నాసిదైతే డబ్బు దండగే. నోటుబుక్కు, ఏ4 జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత) ఉంటాయి. రెండు మూడు పొరలకే చేతులెత్తేస్తాయి. ఐవరీ షీటు దళసరిగా ఉంటుంది కానీ నున్నన, రంగు నిలవదు. కొంచెం గరుకున్న కార్ట్‌రిడ్జ్ షీటు 140 జీఎస్ఎంకు తగ్గకుండా తీసుకోండి. పోటీలకు, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల సాధనకు 180 నుంచి 200 అయితే హాయిగా ఏడెనిమిది పొరలు పడతాయి. వర్షాకాలంలో షీట్లు చెమ్మ పడితే రంగు పట్టదు, ప్లాస్టిక్ కవర్లో ఉంచాలి.

లెడ్ లావు సంగతి. చిన్నపిల్లల పెన్సిళ్లలో సుమారు 2 నుంచి 3 మి.మీ., ఆర్టిస్ట్ రకాల్లో ఎక్కువగా 3.8 మి.మీ. దగ్గర ఉంటుంది. 1908లో వచ్చి ఇప్పటికీ నడుస్తున్న ఫేబర్-కాస్టెల్ పాలీక్రోమోస్ నూనె రకం, మొన గట్టిగా నిలుస్తుంది, వెంట్రుకల్లాంటి సన్న గీతలకు బాగుంటుంది. 1938 నాటి ప్రిస్మాకలర్ మైనం రకం, చాలా మెత్తన, రంగులు ఒకదాంట్లో ఒకటి కరిగినట్టు కలుస్తాయి, కానీ మొన నిలవదు. ఇలాంటివి ఒక్కోటి వంద రూపాయలు దాటతాయి. బడి పిల్లలకు అక్కర్లేదు. ఇంటర్ తర్వాత బీఎఫ్‌ఏ అనే చిత్రకళ డిగ్రీ వైపు పోవాలనుకునేవాళ్లు ఆరు విడిగా కొనుక్కుంటే చాలు. మిగతావాళ్లకు మన దేశంలో తయారయ్యే కామ్లిన్, డోమ్స్, అప్సర లాంటి వాటిల్లోనే పై పరీక్షలకు నిలిచే రకాలు దొరుకుతాయి. ఒకే కంపెనీ మూడు నాలుగు రకాలు తీస్తుంది కాబట్టి పేరు ఒక్కటే చూడొద్దు, గీసి చూసి కొనండి. మైనం రకంతో ముదురు రంగు మందంగా రుద్దితే కొన్ని వారాలకు బొమ్మ మీద తెల్లటి పొర బూజులా పైకి తేలుతుంది. అది పెన్సిల్ చెడిపోయినట్టు కాదు. మెత్తటి నూలు బట్టతో తేలిగ్గా తుడిస్తే పోతుంది. నూనె రకానికి ఈ బాధ లేదు. రంగులు కలపడానికి కొబ్బరి నూనె రాయమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. నూనె కాగితంలోకి ఇంకి చుట్టూ మరక తేలుతుంది. రాయకండి.

నీళ్ల రంగు పెన్సిళ్లకు ఒంటి మీద సాధారణంగా చిన్న కుంచె బొమ్మ ఉంటుంది. తడి కుంచెతో గీతల మీద రాయాలి తప్ప పెన్సిల్‌ను నీళ్లలో ముంచకూడదు. చెక్క ఉబ్బి అతుకు ఊడుతుంది. అవసరం లేనివాళ్లకు మామూలువే చాలు.

విరగడానికి ఇంకో కారణం షార్ప్‌నర్. డబ్బాతో ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ షార్ప్‌నర్ బ్లేడు పదును పోయినప్పుడు చెక్కను కోయదు, మెలిపెడుతుంది. ఆ మెలికకు లోపలి లెడ్ తెగుతుంది. చెక్కు సన్నగా, తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వస్తే బ్లేడు బాగున్నట్టు, పొడి పొడిగా రాలితే మార్చాల్సిందే. చెక్కేటప్పుడు పెన్సిల్ తిప్పకుండా పట్టుకొని షార్ప్‌నర్ తిప్పితే లెడ్ మీద బలం తక్కువ పడుతుంది. మొన సూదిలా అయ్యేదాకా చెక్కకూడదు. సిమెంటు నేల మీద పడిన పెన్సిల్ బయటికి బాగానే ఉంటుంది, లోపల రెండు మూడు చోట్ల తెగుతుంది. చెక్కిన ప్రతిసారీ మొన ఊడి చేతికొస్తుంటే కారణం అదే. అందుకే డబ్బాలో గలగలలాడేలా కాక గుడ్డ రోల్‌లో, లేదా అడుగున దూది పొర వేసిన డబ్బాలో పెట్టాలి. విరిగిన వాటిని మైక్రోవేవ్‌లో పెడితే అతుక్కుంటాయనే చిట్కా ప్రమాదం. ఒంటి మీది వెండి, బంగారు అక్షరాలు లోహపు పూత, నిప్పురవ్వలు లేస్తాయి. మే నెలలో స్కూటీ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో కూడా వదలొద్దు. మైనం మెత్తబడితే లెడ్ చెక్క పట్టు వదిలి, చెక్కేటప్పుడు జారి మొత్తంగా బయటికొస్తుంది.

చిన్నపిల్లలు పెన్సిల్ కొరుకుతారు కాబట్టి పైపూత ముఖ్యం. ఈఎన్ 71 (యూరప్‌లో ఆటబొమ్మల భద్రతా ప్రమాణం), ఏఎస్‌టీఎం డీ 4236 (ఆర్ట్ సరుకుల మీద ఆరోగ్య హెచ్చరికలు రాసే ప్రమాణం) వంటి గుర్తుల్లో ఒకటైనా, తయారీదారు పేరు, చిరునామా డబ్బా మీద ఉండాలి. ఇవేవీ లేని సంత సరుకు, ఘాటు పెయింటు వాసన వచ్చేది వద్దు.

బడుల యాజమాన్యాలకు, సర్కారు బడుల డ్రాయింగ్ టీచర్లకు మా విన్నపం ఒకటే. వచ్చే లిస్టులో 24, 36 అన్న అంకె తీసేసి, 'పేరు లేదా నంబరు అచ్చైన రంగు పెన్సిళ్లు 12, లోహపు షార్ప్‌నర్ 1, 140 జీఎస్ఎం కార్ట్‌రిడ్జ్ షీట్లు 20' అని రాయండి. పోటీల్లో బహుమతిగా పెద్ద డబ్బా బదులు ఇదే ఇవ్వండి. దుకాణదారులు ప్రతి రకంలో ఒక డబ్బా విప్పి, ఒక గరుకు షీటు పక్కన పెట్టి గిరాకీని గీసి చూడనివ్వాలి. తెలుపు, పసుపు, ఓకర్, ఇండిగో అన్నిటికన్నా ముందు అయిపోతాయి. కనీసం ఈ నాలుగైనా విడిగా అమ్మితే ఎవరూ నాలుగు పెన్సిళ్ల కోసం డబ్బా మొత్తం కొనాల్సిన పని ఉండదు.

ఇట్లు,
డ్రాయింగ్ ఉపాధ్యాయులు,
హనుమకొండ